నిలబడే అక్క

బంగారుపేట స్టేషన్‌లో బెంగళూరు బండి కోసం చూస్తున్నాను. ఎవరో వెనక నుంచి నా చేతిసంచి పట్టుకుని లాగారు. ఉలిక్కిపడి తిరిగితే స్టెల్లా. ఒకప్పుడు మాలూరు దగ్గరి బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసిన పిల్ల. ఇప్పుడు పిల్ల కాదు, చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. ఎలా ఉన్నారని అడగలేదు, ఎన్నాళ్లకు కనబడ్డారని ఆశ్చర్యపోలేదు. నేరుగా అసలు మాట చెప్పింది.

“మేడం, నిలబడే అక్క పోయినాది. మీకెవరన్నా చెప్పినారా?”

ఎవరూ చెప్పలేదు. మామిడికాయల కాలంలో పోయిందట. ఇంకేమైనా అడిగేలోపు ఆమె ఎక్కవలసిన మారికుప్పం బండి కదిలింది. ఒకసారి వచ్చి అక్క పెట్టిన కుట్టు హాలు చూసి పొమ్మని చెబుతూనే పరుగెత్తి ఎక్కేసింది. తర్వాత నా బండి వచ్చింది. కిటికీ పక్కన సీటు ఖాళీగానే ఉంది. కానీ మాలూరు దాటేదాకా నేను కుదురుగా కూర్చోలేకపోయాను. తలుపు దాకా పోవడం, మళ్లీ లోపలికి రావడం. ఎదుటి సీట్లో పెద్దాయన ఏమైనా పోగొట్టుకున్నావా అమ్మా అని అడిగాడు. లేదన్నాను.

ఆమెకు మంచి పేరే ఉంది, బాప్తిస్మం నాడు పెట్టింది. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీద తప్ప ఆ పేరు ఇంకెక్కడా వాడుకలో లేదు. బండిలో, ఫ్యాక్టరీలో, చర్చి ముందర కూడా ఆమె నిలబడే అక్క. ఎదుట పిలవాలంటే ఉత్త ‘అక్కా’. నేనూ అంతకు మించి రాయను.

కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్ పొద్దున్నే బండెక్కి పోయి చీకటి పడుతుండగా తిరిగొచ్చే ఊరైపోయింది. మా నాన్న గనుల ఆఫీసులో గుమస్తా. ఆ ఉద్యోగం పోయి ఆయన ఇంటికి వచ్చేసిన కొన్నాళ్లకు మాలూరు పారిశ్రామికవాడలో తైవాన్ వాళ్లు పెట్టుబడి పెట్టి బూట్ల ఫ్యాక్టరీ తెరిచారు. అక్కడ కుట్టిన బూట్లన్నీ ఓడలెక్కి పోతాయి, మన అంగళ్లలో ఒక్క జత కూడా కనబడదు. వచ్చిన మేనేజర్లకు మన భాషలు రావు, మన ఆడవాళ్లకు వాళ్ల ఇంగ్లీషు రాదు. మధ్యలో మాట చేరవేయడానికి ఒక మనిషి కావాలన్నారు. తెలుగు, కన్నడం, తమిళం మా వీధిలో ఆడుకుంటేనే వచ్చేస్తాయి. ఇంగ్లీషు నాన్న నేర్పాడు. అలా ఆ ఉద్యోగం నాకు దొరికింది.

మొదటిరోజు పొద్దుటి బండిలో ఆడవాళ్ల పెట్టె ఎక్కితే ఒక పొడుగాటి, సన్నటి మనిషి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తూ ఉంది. సీట్లున్నాయి. ఆమె మాత్రం పై కమ్మీ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు చూసుకుంటోంది. రాని పిల్ల గురించి పక్కింటి పిల్లను నిలదీస్తోంది. జ్వరమా, మొగుడితో గొడవా, పెళ్లిచూపులా అని ఆరా. నా ముందు ఆగి మొహం చూడలేదు, కాళ్లు చూసింది. నా చెప్పు మడమ పక్కన ఊడిన కుట్టు చూసి, దీంతో ఫ్యాక్టరీ గేటు కూడా దాటలేవని చెప్పి, రవిక లోపలి నుంచి సూదీ దారం తీసింది. కోరమాండల్ స్టేషన్ వచ్చేలోపు కుట్టేసింది, నిలబడే.

మనుషుల్ని ముందు కాళ్ల దగ్గర చూడడం ఆమెకు అలవాటు. ఆడవాళ్ల పెట్టె నిండిపోయిన రోజుల్లో మేం జనరల్ పెట్టె ఎక్కేవాళ్లం. అక్కడ ఒకసారి బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రవాణ్ణి కాలు ఎత్తమంది. వాడు బిత్తరపోయి ఎత్తాడు. బూటు పక్క కుట్టు మీద వేలు నడిపించి, ఇది మాది కాదు, మాదైతే ఇక్కడ ఇట్లా వంకర పోదు అని తేల్చి, ముందుకు నడిచింది. వాడు తర్వాత చాలాసేపు తన బూటు వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. అంత బూట్ల పిచ్చి ఉన్న మనిషి కాళ్లకు ఎప్పుడూ రబ్బరు చెప్పులే. ఒకసారి అడిగితే, బూటు వేసుకుంటే ఎక్కడికో పోవాలనిపిస్తుంది, నేను పోయేది ఫ్యాక్టరీకే కదా అంది.

అన్నం కూడా నిలబడే తినేది, టిఫిన్ మూత ఎడమచేతిలో పెట్టుకుని. చర్చిలో ప్రసంగం నడుస్తున్నంతసేపూ వెనక గోడ దగ్గర కాలు మార్చి కాలు మీద నిలబడేది. పాస్టరుగారు ఒకసారి పిలిచి కూర్చోవచ్చు కదమ్మా అంటే, దేవుడికి నేను ఏ వరసలో ఉన్నా కనబడతానయ్యా అందట.

ఎందుకిలా అని నేను ఒక్కసారే అడిగాను. సమాధానంగా వాళ్ల నాన్న గురించి చెప్పింది. చిత్తూరు పక్క నుంచి ఆమె తాత గని పనికి వచ్చాడు, నాన్న కూడా గనిలోకే దిగాడు. గని మూసిన తర్వాత కూడా ఆయన షిఫ్టు వేళకు బూట్లు తుడిచి, వేసుకుని, గని కంపెనీ ఇచ్చిన లైన్ ఇంటి మెట్టు మీద కూర్చునేవాడు. ఎవరైనా పిలుస్తారని. మళ్లీ తెరుస్తారంట అన్న పుకారు వారానికొకటి వచ్చేది. అలా కూర్చుని కూర్చుని ఆ మెట్టు మీదే పోయాడు.

“ఆయప్ప చచ్చిపోయిండేది ఆ పొద్దు కాదు మేడం. కూర్చున్నాడు చూడు, ఆ పొద్దే అయిపాయె” అంది. అని, నేను ఏమన్నా అనేలోపు మిషన్ల వైపు వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీలో ఆమె కుట్టు లైనుకు సూపర్‌వైజరు. బూటులో సోలుకు పైన ఉండే తోలు భాగాన్ని అప్పర్ అంటారు. ముక్కలు ముక్కలుగా కత్తిరించి వచ్చిన తోలును మా ఆడవాళ్లు అప్పర్‌గా కుట్టేవాళ్లు. ఆమె లైను పొడుగునా నడుస్తూ, ఒకరి భుజం నొక్కి, ఒకరి దారం సరిచేసి, ఒకరికి మంచినీళ్ల సీసా అందించి, మళ్లీ మొదటికి వచ్చేది. కేజీఎఫ్ పిల్లలకే కాదు, కామసముద్రం నుంచి వచ్చే రైతుల పిల్లలకు కూడా ఆమె భయం, ఆమె ధైర్యం.

తైవాన్ నుంచి వచ్చిన మేనేజరు కూడా ఒకచోట నిలిచే మనిషి కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కుతో, రోజంతా తిరిగేవాడు. మా ఊరి ముసలివాళ్లు ఆయన్ను దొర అనేవాళ్లు, పాత గనుల అలవాటు కొద్దీ. ఆమె ఒప్పుకునేది కాదు. దొరలు పోయి చాలా కాలమైంది, ఈయన మేనేజరు, సాయంత్రమైతే ఈయనకూ కాళ్లు నొప్పులే అనేది. ఇద్దరూ లైను మధ్యలో ఎదురుపడి మాట్లాడుకోవడం మొదలుపెడితే నేను పరుగెత్తుకు రావలసిందే. నేను సెలవు పెట్టిన ఒకరోజు దారం తెగుతోందన్న సంగతి మీద ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారట. ఆయన చైనీసులో, ఈమె తెలుగులో. మరునాటికి దారం మారింది. ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి ఏడాది ఫ్యాక్టరీలో ఒక గుసగుస మొదలైంది. కంపెనీ ఇంకా పెద్ద ఫ్యాక్టరీ కట్టబోతోంది, స్థలం వెతుకుతున్నారు అని. తైవాన్ నుంచి సూట్లు వేసుకున్నవాళ్లు వస్తున్నారు, కార్లలో ఎక్కడెక్కడికో పోతున్నారు. నేను మీటింగు గదిలో విన్నవి బయట చెప్పకూడదు, చెప్పలేదు కూడా. కానీ ఆమెకు వాసన తగిలింది. ఒకరోజు మేనేజరు కారిడార్లో పోతుంటే ఎదురుగా పోయి దారి కట్టి నిలబడి, నన్ను చెయ్యి పట్టుకుని లాగి పక్కన నిలబెట్టుకుంది.

“చెప్పు మేడం ఈయనకి. ఊరూరూ తిరగతా ఉండారంట గదా. మా ఊరు ఒకసారి వచ్చి చూడల్ల. ఆడ మనుషులు పని లేక సుమ్మనే ఉండారు. బండి ఎక్కి వచ్చేదాంట్లోనే మా సగం ఆయుస్సు పాయె. ఫ్యాక్టరీయే మా ఊరికి వస్తే ఏమంట?”

నేను చెప్పాను. ఆయన నవ్వాడు. చూద్దాం అన్నాడు, అంటే వద్దని. ఆమె పక్కకు తప్పుకోలేదు. ఆదివారం మీకు సెలవే కదా, ఆ ఒక్కరోజు చాలు అంది. ఆయన ఫ్లాస్కు మూత తీసి, మళ్లీ బిగించి, ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అన్నాడు.

ఆ మధ్య ఉన్న రోజుల్లో ఆమె బండిలో నడిచిన నడక చూడాలి. ఎవరెవరు రావాలో, ఏ చీరలు కట్టుకోవాలో, ఏ దారిలో కారు పోవాలో, ఏ దారిలో పోకూడదో. ముఖ్యంగా సైనైడ్ దిబ్బల పక్క దారి వద్దంది. గనుల నుంచి తీసిన రాయి పొడి చేసి సైనైడుతో బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి మా ఊరి చుట్టూ కొండల్లా ఉంటుంది. గాలి లేస్తే ఆ పొడి ఇళ్లలోకి వస్తుంది. తోలు మీద దుమ్ము పడుతుందని ఆయన అనుకుంటాడేమోనని ఆమె భయం.

ఆదివారం కారు డ్రైవరుది కామసముద్రం. అతనికి ఈ ఏర్పాట్లు ఎవరూ చెప్పలేదు. దగ్గరి దారి అని సరిగ్గా దిబ్బల పక్క నుంచే తీసుకొచ్చాడు. పైగా ఆ రోజు గాలి. ముందు సీట్లో ఆమె, వెనక నేనూ మేనేజరూ. కారులో కూర్చోక తప్పలేదు కాబట్టి కూర్చుంది, కానీ ఏ క్షణాన్నైనా దిగిపోయేలా తలుపు పిడి పట్టుకుని. అద్దం మీద పొడి కొడుతుంటే ఆయన ఇది ఎప్పుడూ ఉంటుందా అని అడిగాడు. నేను మాట తెలుగులోకి తిప్పి, ఏం చెప్పను అన్నట్టు చూశాను.

“ఉండేది చెప్పేయి. గాలి కాలంలో లేస్తాది. మిగతా కాలం గమ్మున ఉంటాది. దాపెట్టి తెచ్చుకుంటే రేపు మమ్మల్నే అంటాడు.”

చాంపియన్ రీఫ్స్‌లో తుప్పు పట్టిన గని చక్రం చూపించింది. తాళాలు వేసిన వర్క్‌షాపులు, పైకప్పు ఎగిరిపోయిన క్వార్టర్లు చూపించింది. ఆయన నీళ్ల గురించి అడిగాడు, కరెంటు గురించి, లారీలు తిరిగే రోడ్డు గురించి, ఓడరేవు దూరం గురించి అడిగాడు. ఈ నేల ఎవరిదని అడిగాడు. అప్పటికి గనుల భూముల సంగతి ఇంకా తేలలేదు, ఆ మాటే చెప్పాం. ఆయన తల ఊపాడు. మొహంలో ఏమీ కనబడలేదు.

చివర చర్చి మైదానానికి తీసుకెళ్లింది. ఆరాధన అయిపోయింది. గుడికి పోయి వచ్చినవాళ్లు, మసీదు వీధివాళ్లు కూడా వచ్చి కలిశారు. మైదానం నిండా ఆడవాళ్లు, పండగ చీరల్లో, చంటిపిల్లలు చంకల్లో. ఎవరూ దండలు వేయలేదు, చేతులు జోడించలేదు. ఎండలో నిలబడి ఆయన వైపు చూస్తున్నారు, అంతే. పిల్లల్ని ఆడించే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ ఊళ్లో కుట్టు వచ్చినవాళ్లు, నేర్చుకునేవాళ్లు వీళ్లు అని ఆమె చెప్పింది.

ఆయన నాతో నెమ్మదిగా మొదలుపెట్టాడు. నేను వాక్యం వాక్యం ఆమెకు చేరవేస్తూ పోయాను. వాళ్ల ఊరు కూడా గనుల ఊరేనట. బొగ్గు. వాళ్ల నాన్న గనిలో పనిచేశాడు. గని మూశాక వాళ్లమ్మ బూట్ల ఫ్యాక్టరీకి పోయింది. ఆ జీతంతోనే ఆయన చదువుకున్నాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ చైనాకు తరలిపోయింది. చదువుకున్నవాడు కాబట్టి దాని వెంట ఆయనా పోయాడు. అక్కడి నుంచి వియత్నాం. అక్కడి నుంచి ఇక్కడికి.

“మీ అమ్మ?” అని ఆమె అడిగింది. ఆ ఒక్క మాట నేను తిప్పనక్కర్లేకపోయింది, ఆయనకు అర్థమైంది.

అమ్మ రాలేదన్నాడు. ఇంట్లోనే ఉండిపోయిందన్నాడు. ఆ ఊళ్లో ఇప్పుడు ముసలివాళ్లు ఉన్నారు, సెలవు రోజుల్లో పాత గని దగ్గర ఫోటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లు ఉన్నారు. అంతకు మించి ఏమీ లేదన్నాడు. కారెక్కేముందు ఆడవాళ్ల వైపు తిరిగి నడుము వంచి నమస్కారం లాంటిది ఒకటి చేశాడు. కొందరు నవ్వారు, కొందరు తామూ వంగారు.

కారు పోయాక ఆమె ఇంటికి పోలేదు. నాతో పాటు మా వీధి దాకా నడిచింది, మళ్లీ వెనక్కి, మళ్లీ మా వీధికి. వద్దన్నా వదల్లేదు. నాకూ కాళ్లు లాగుతున్నాయి, కానీ ఆపమనలేకపోయాను.

“మా గనికి కాళ్లు లేవు మేడం. బంగారం అయిపోయె, ఉన్నచోటే సచ్చిపాయె. ఈ ఫ్యాక్టరీకి కాళ్లుండాయి. ఆయప్ప చెప్పినాడు విన్నావు గదా. దీని ఎనకాల మనము యాడ దాకా పోవల్ల?”

కొన్ని వారాలకు తేలింది. కొత్త ఫ్యాక్టరీ తమిళనాడులో, ఓడరేవుకు దగ్గరలో. మా ఊళ్లో కాదు. అదొక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాళ్లం. మాలూరులో ఉన్న లైన్లు కూడా ఒక్కొక్కటిగా అక్కడికే పోతాయట. వచ్చేవాళ్లకు హాస్టలు ఇస్తారట. పిల్లలున్న ఆడది హాస్టలుకు ఎలా పోతుంది?

మరునాడు పొద్దుటి బండిలో నేను చూసింది ఎప్పటికీ మరిచిపోలేను. ఆమె ఎప్పటిలా కమ్మీలు పట్టుకుని నడుస్తూ వస్తోంది. ఊర్గాం దాటగానే ఒకావిడ, ఫ్యాక్టరీ బాలవాడిలో వదలడానికి తెచ్చుకున్న బిడ్డ చంకలో ఉండగానే, లేచి అందరి ముందూ అడిగేసింది.

“నువ్వే గదా అక్కా వాళ్లని పిలిపించి, ఊరంతా తిప్పి, మన బతుకు చూపించినావు. మన దుమ్ము చూసినారు, మన గతి చూసినారు. ఇంగ వేరే దావ చూసుకున్నారు. ఉండే కెలసం, ఉండే పని కూడా నువ్వే పోగొడితివి.”

అందులో న్యాయం లేదు. కంపెనీ లెక్కలు వేరే, ఆ గదుల్లో కూర్చున్న నాకు తెలుసు, మా ఊరి పేరు అక్కడ ఒక్కసారి కూడా రాలేదని. నేను నోరు తెరిచాను. కానీ ఎవరూ నా వైపు లేరు. చాలా మంది కిందికి చూస్తున్నారు. అంటే వాళ్లూ అదే అనుకుంటున్నారన్న మాట.

ఆమె కమ్మీ వదిలి, దగ్గరలో ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు మొహం తిప్పుకుని. ఆమెను తిట్టినావిడే ముందు ఏడ్చింది. దగ్గరకొచ్చి, అక్కా లేయి, నేను ఊరికే అన్నాను, లేయక్కా అని భుజం పట్టుకుని ఊపింది. ఆమె కదల్లేదు. నాకు వాళ్ల నాన్న మెట్టు గుర్తొచ్చి భయం వేసింది. ఒక మనిషి సీట్లో కూర్చున్నందుకు అంత మందికి గుండె జారుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

బంగారుపేటలో బండి చాలాసేపు ఆగింది. కదిలేముందు ఆమె లేచింది. ఏడుస్తున్నావిడ చేతిలోని బిడ్డను తీసుకుని భుజాన వేసుకుని, నీ సీటు పోతుంది కూర్చో అని చెప్పింది. మాలూరు దాకా ఆ బిడ్డను మోస్తూ అటూ ఇటూ నడిచింది.

ఆ రోజు మధ్యాహ్నం మళ్లీ నా చెయ్యి పట్టుకుని కారిడార్లోకి లాక్కుపోయింది. మేనేజరు ఆమెను చూసి ముందే తల దించుకున్నాడు. ఇది నా నిర్ణయం కాదని చెప్పమన్నాడు. ఆమె ఆ మాట పూర్తిగా విననైనా లేదు.

“అది అయిపోయిందిలే. బూటంతా మాకొద్దు. అప్పర్ ఒక్కటి కుట్టేది మా ఊరికియ్యండి. మీరు తోలు కోసి పంపిస్తే చాలు, మేము కుట్టి పంపిస్తాము. దానికి మీరు రానక్కర్లేదు, రోడ్డు వెయ్యనక్కర్లేదు. మెషిన్లు యాడైనా పెట్టుకుంటాము.”

ఆయన ప్రయత్నిస్తానన్నాడు. నేను నమ్మలేదు. అలాంటి ‘ప్రయత్నిస్తాను’లు నా నోటి మీదుగా ఎన్నో పోయాయి. కానీ ఈసారి నిజంగానే ప్రయత్నించాడు. లైన్లు తరలుతుండగా, కొత్త ఫ్యాక్టరీకి పనికిరావని పక్కన పెట్టిన పాత మిషన్లు కొన్ని ఒక లారీలో కేజీఎఫ్ వచ్చాయి. మా ఊళ్లోని ఆండర్సన్‌పేటలో మూతపడ్డ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ హాలు ఆమె అద్దెకు తీసుకుంది. గోడ మీద ఏ వేలు ఏ అక్షరం మీద పెట్టాలో చూపించే పటం అలాగే ఉండేది. దాని కిందనే కుట్టు మొదలైంది. తోలు వ్యానులో వచ్చేది, అప్పర్లు వ్యానులో పోయేవి. మేనేజరు మాత్రం ఆ ఏడాదే బదిలీ అయిపోయాడు. ఎక్కడికో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మాలూరు ఫ్యాక్టరీ పూర్తిగా ఖాళీ అయ్యాక నేను బెంగళూరులో వేరే ఉద్యోగానికి వెళ్లాను. పోయేముందు హాలుకు వెళితే ఆమె ఎప్పటిలా మిషన్ల మధ్య తిరుగుతోంది. భోజనం వేళకు ఆడవాళ్లు చకచకా లేచి ఇళ్లకు పోయారు. బడి నుంచి వచ్చిన పిల్లలకు అన్నం పెట్టి, కొందరు పాలిచ్చి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చారు. ఆమె గుమ్మంలో నిలబడి వాళ్లు పోవడమూ రావడమూ చూసింది. “పొయ్యి మీద పాలు పెట్టి వస్తే, పొంగేలోపల ఇంటికి పోయేంత దూరం. నేనడిగింది ఇంతే గదా” అంది. కానీ గెలిచిన మనిషిలా అనలేదు. మాట పూర్తి కాకముందే కళ్లు రోడ్డు మీదికి పోయాయి. వ్యాను రావలసిన రోజది, ఇంకా రాలేదు.

తర్వాతి కథ నాకు స్టెల్లా చెప్పింది. బంగారుపేటలో ఆమె కనబడిన మరుసటి వారమే నేను హాలుకు వెళ్లాను. గోడ మీద టైపింగ్ పటం లేదు. మిషన్లు పెరిగాయి. కొన్ని నేనెరగని కొత్త రకం.

కొన్నేళ్లు తైవాన్ కంపెనీ తోలు బాగానే వచ్చిందట. తర్వాత తగ్గింది. కొన్ని నెలలు అసలు రాలేదు. అప్పుడు అక్క ఆంబూరు, రాణిపేట బస్సులు పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. తోలు పని జరిగే ప్రతి గేటు ముందూ నిలబడింది. సంచిలో తాము కుట్టిన అప్పర్లు, చేతిలో టిఫిన్. తమిళంలో మాట్లాడింది, హిందీ వచ్చినవాళ్ల దగ్గర హిందీ ప్రయత్నించింది. ఒక చోట కాదంటే ఇంకో చోట. ఒక కంపెనీ పని ఆగిపోతే ఇంకో కంపెనీది రావాలని, ఎప్పుడూ కనీసం ఇద్దరి తోలు హాల్లో ఉండాలని పట్టుబట్టింది. ఇంట్లోవాళ్లు ఈ వయసులో ఎందుకీ తిరుగుడు అన్నా వినలేదు.

అక్క పోయిన రోజు ఆంబూరు నుంచి తిరిగొచ్చి, ఇంటికి కూడా పోకుండా హాలుకే వచ్చిందట. లైను పొడుగునా ఒక చుట్టు తిరిగింది. ఒక పిల్ల భుజం మీద చెయ్యి వేసి, చెయ్యి తీయలేదు. పిల్ల తిరిగి చూస్తే అక్క మొహం నిండా చెమట. బెంచీ మీద పడుకోబెట్టబోతే పడుకోనంది. ఆటోలో రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రికి తీసుకెళ్తుంటే స్టెల్లా చెయ్యి పట్టుకుని, హాలుకు వ్యాను వచ్చిందా అని అడిగింది. అదే ఆఖరు మాట. ఆసుపత్రికి చేరేలోపు అయిపోయింది.

“వ్యాను వచ్చిండాది అప్పటికే” అంది స్టెల్లా. “ఆ పని మేము ఆపలేదు మేడం. సగం మంది సమాధికాడికి, సగం మంది ఈడ. మళ్ల వాళ్లు పోయినారు, మేము వచ్చినాము. తప్పని ఎవరన్నా అంటే అననీ.”

ఆమె సమాధి దగ్గరికి తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లింది. కానీ అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వలేదు. నేను ఇంకా పువ్వులు పెడుతుండగానే తన మాట చెప్పింది. ఇటలీ నుంచి ఒక కొనుగోలుదారు వస్తున్నాడట శనివారం. నడకకు వాడే బూట్లు. పని నచ్చితే వీళ్లకు నేరుగా ఇస్తాడట. ఆంబూరు ఏజెంటు వెంట ఉంటాడు, ఇంగ్లీషు మాట్లాడతాడు.

“ఏజెంటు ఆయన పక్క మాట్లాడతాడు. మా పక్క మాట్లాడేకి ఒక మనిషి కావల్ల. మీరు వస్తారా?”

శనివారం పొద్దున్నే వెళ్లాను. వచ్చిన మనిషి వయసులో చిన్నవాడే, మర్యాదస్తుడు. హాలంతా చూశాడు. ఒక అప్పర్ తీసుకుని లోపలి వైపు తిప్పి, కుట్టు వెంట గోరు నడిపించాడు. బాగుందన్నాడు. నెలకు ఎన్ని చేయగలరు, ఎప్పటి నుంచి మొదలుపెట్టగలరు అని ఒకదాని వెంట ఒకటి అడగడం మొదలుపెట్టాడు. నేను తెలుగులో చెప్పాను. మిషన్లు ఆగాయి. ఆడవాళ్లంతా స్టెల్లా వైపు చూశారు. స్టెల్లా నా వైపు తిరిగింది.

“ముందు ఈయన ఎన్ని దినాలుంటాడో అడగండి మేడం.”

అతనికి మొదట అర్థం కాలేదు. హోటల్లో ఎన్నాళ్లు ఉంటానని అడుగుతున్నారా అన్నాడు. ఏజెంటు నవ్వబోయి ఆగిపోయాడు. కాదు, మీ పని ఈ హాల్లో ఎన్నేళ్లు ఉంటుందని అడుగుతున్నారు అన్నాను. అతను చేతిలోని అప్పర్‌ను బల్ల మీద పెట్టాడు. నిజం చెప్పాలంటే నాకు తెలియదు, ముందు ఒక సీజన్ చేసి చూద్దాం అన్నాడు. నేను ఆ మాటనే మెత్తన చేయకుండా చెప్పాను.

స్టెల్లా ఆ అప్పర్‌ను తిరిగి చేతికి తీసుకుంది.

“సరే, ఒక సీజనే. అయితే మేము ఇంకొకరి పని కూడా ఈడనే చేస్తామని చెప్పండి. ఆయన పని నిలిచిపోయినా మా మెషిన్లు నిలవవు. ఇష్టముంటే మొదలుపెడదాము.”

నేను చెప్పాను. అతను హాలు చివరి దాకా ఒకసారి చూశాడు. తర్వాత కోటు విప్పి కుర్చీ మీద వేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ మొదటి మిషన్ దగ్గరికి నడిచాడు.